చెరువు విన్న సుడిగాలి

మా చెల్లెలు కాత్యాయని మా రొయ్యల తలల్లో ఇనుము పెడతానన్నప్పుడు ఊరంతా నవ్వింది. నేను మాత్రం నవ్వలేదు. ఆ రొయ్యలు నావి మరి.

"కంగారు పడకన్నయ్యా. నేను పెట్టను. అవే పెట్టుకుంటాయి," అంది తను.

కాత్యాయని వాతావరణ శాస్త్రం చదివింది. పదకొండేళ్ళు ఒక పరిశోధన సంస్థలో పనిచేసి, అక్కడివాళ్ళు తన మాట వినడం లేదని అలిగి, రెండు ట్రంకు పెట్టెలతో పెదగరువులంక వచ్చేసింది. కొల్లేటికి దిగువన, ఉప్పుటేరు పక్కన ఉంటుంది మా ఊరు. ఎటు చూసినా రొయ్యల చెరువులే. చూపుకి అడ్డం వచ్చే గుట్టగానీ తోపుగానీ లేదు. నా చిన్నప్పుడు పదేళ్ళకోసారి మబ్బులోంచి తొండం దిగిందని చెప్పుకునేవాళ్ళు. ఇప్పుడు ఏడాదికి రెండు మూడు దిగుతున్నాయి. చదువుకున్నవాళ్ళు టోర్నడో అంటారు, మాకు తొండమే. రాడార్ దాన్ని పసిగట్టేసరికి అది దిగడం, రేకుల కప్పులు పట్టుకుపోవడం, మాయమవడం అయిపోయేవి.

ఒకరోజు కాత్యాయని ఒక రొయ్యను అరచేతిలో పెట్టుకుని, దాని తల మీద భూతద్దం ఉంచి నన్ను చూడమంది. మీసం మొదట్లో చిన్న గుంట, అందులో ఒకే ఒక్క ఇసుక రేణువు.

"రొయ్య ఒరిగితే ఇది దొర్లుద్ది. దీంతోనే దానికి పైనేదో కిందేదో తెలుస్తుంది. పొట్టు వదిలినప్పుడల్లా పాత రేణువు పోద్ది. కొత్తది ఏరుకుని లోపల పెట్టుకుంటుంది."

"అప్పుడు దానికి ఇసుక దొరక్కుండా చేసి ఇనప రజను పోస్తావన్నమాట."

"అంతే. దానికి తేడా తెలీదు పాపం."

ముందు నా చెరువు అడుగున, మెల్లగా ఊళ్ళో మిగతా చెరువుల అడుగునా రాగి తీగల చుట్టలు పరిచింది. లక్షల రొయ్యల తలల్లో ఇనుప రేణువులు ఏ మాత్రం కదిలినా ఆ తీగలకు తెలుస్తుంది. తొండం నేలకు దిగడానికి ఇరవై నిమిషాల ముందే మబ్బులో సుడి తిరుగుతూ మూలుగుతుందట. ఆ మూలుగు మనిషి చెవికి అందనంత మంద్రం. గాలిలోంచి, నేలలోంచి, నీళ్ళలోంచి వస్తుంది. అది తగిలినప్పుడు రేణువులన్నీ ఒక్క వైపుకే ఒరుగుతాయి. ఎటు ఒరిగాయో అటు తొండం పుడుతోందని లెక్క.

మొదటిసారి విన్నది నాకింకా గుర్తుంది. చైత్రంలో ఒక మధ్యాహ్నం. చెరువు పక్కన కట్టుకున్న సిమెంటు గదిలో కాత్యాయని నా చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించింది. ఆ మూలుగును మనకు వినబడేలా యంత్రం పై శ్రుతికి జరుపుతుందట. ముందు ఏమీ లేదు. తర్వాత ఎక్కడో పెద్ద రుబ్బురోలు నెమ్మదిగా తిరుగుతున్నట్టు వినబడింది. తిరుగుతూ, ఆగుతూ, మళ్ళీ తిరుగుతూ. బయటికి చూస్తే ఆకాశం మామూలుగానే ఉంది. పడమటి వైపు ఒక మబ్బు, అంతే. యాభై రెండేళ్ళు ఆ ఆకాశం కిందే బతికాను. అది లోపల ఇలా మాట్లాడుకుంటుందని నాకు తెలియనే తెలియదు.

"ఇది ఎక్కడే?" అన్నాను గుసగుసగా, గట్టిగా అంటే అది వింటుందేమోనన్నట్టు.

"నలభై కిలోమీటర్లు. అది దిగదులే, కరిగిపోతోంది."

మా ఇద్దరి కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి. సిగ్గుపడి ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

ఒక్కటే చిక్కు. వినాలంటే చెరువుల్లో చక్రాలు ఆగాలి. నీళ్ళను చిలికి రొయ్యలకు గాలి అందించే ఏరేటర్లను మేం చక్రాలంటాం. అవి తిరుగుతుంటే ఆ చప్పుడులో రేణువులకు ఏదీ వినబడదు. అవి ఎక్కువసేపు ఆగితే రొయ్య ఊపిరాడక నీళ్ళపైకి వచ్చేస్తుంది. రొయ్య తేలింది అన్న మాట మా ఊళ్ళో ఎవరూ తేలిగ్గా అనరు. అందుకని మబ్బు పట్టిన రోజున మాత్రం, రెండే రెండు నిమిషాలు, ఊళ్ళో చక్రాలన్నీ ఒకే మీటతో ఆపుకోవచ్చని కాత్యాయని రైతులందరినీ ఒప్పించింది. మీటింగులో అందరం తలలూపాం. కాళ్ళకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

పోయినేడు మే నెలలో మధ్యాహ్నం భోజనాలయ్యాక పడమర నల్లబడింది. కాత్యాయని మీట నొక్కింది. చక్రాలు ఆగాయి. ఆమెకు తొండం మూలుగు స్పష్టంగా, అప్పటికే దగ్గరగా వినబడింది. ఇళ్ళలోకి వెళ్ళి కిటికీల్లేని గదుల్లో ఉండండని అందరి ఫోన్లకూ కబురు పెట్టింది. ఒక్కరు కూడా ఫోను చూడలేదు. మా ఊళ్ళో చంటిపిల్లలు కూడా చక్రాల చప్పుడుకే నిద్రపోతారు, అది ఆగితే లేచి ఏడుస్తారు. చప్పుడు ఆగగానే కరెంటు పోయిందనుకుని ఊరు ఊరంతా చెరువు గట్ల మీదికి పరిగెత్తింది. మంచం మీంచి లేచి నేనూ అదే చేశాను. మా చెరువులో పనిచేసే ప్రకాశం నాకన్నా ముందున్నాడు.

"జనరేటరెయ్యరా! పరిగెత్తు!" అని అరిచాను.

వాడు పరిగెత్తాడు. జనరేటరు రేకుల షెడ్డులో ఉంది. వాడు అందులోకి వెళ్ళాక నిమిషం కాలేదు, తొండం ఉప్పుటేరు దాటి వచ్చింది. నేను గట్టు కింద బోదె కాలువలో జారిపడ్డాను, అందుకే బతికాను. నా తెలివేమీ లేదు. షెడ్డు రేకులు ఒక్కొక్కటీ కాగితాల్లా లేచాయి. ప్రకాశం మూడో చెరువు అవతల దొరికాడు.

ప్రకాశం భార్య రాహేలమ్మ. రొయ్యలు పట్టే ఆడవాళ్ళ ముఠాకి ఆమె మేస్త్రి. దినం నాడు నన్ను చూసి ఏమీ అనలేదు. తర్వాత తన ముఠాని వేరే ఊళ్ళ చెరువులకు మార్చుకుంది. ఆమె మా గట్టు తొక్కలేదు, నేను వాళ్ళ గుమ్మం తొక్కలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? వెళ్ళి ఏమని చెప్పను? రేపు వెళ్తాను, ఎల్లుండి వెళ్తాను అనుకుంటూ ఏడాదిన్నర గడిపేశాను.

కాత్యాయని సంగతి వేరు. తను మర్నాడే వెళ్ళింది. రాహేలమ్మ తలుపు తీయలేదు. ఎన్నిసార్లు ఫోను చేసినా ఎత్తలేదు. చెల్లెలు ఇంటికొచ్చి తీగలన్నీ పీకేస్తానంది.

"మీట నేనే కదన్నయ్యా నొక్కింది. ప్రకాశాన్ని చావుకి నేనే పిలిచినట్టయింది."

"నీ చెవి బాగానే విందే. వినని వెధవలం మేం," అన్నాను. ఆ షెడ్డులోకి వాణ్ణి పంపిన కేక నాదని మాత్రం చెల్లెలితో కూడా అనలేకపోయాను.

రైతుల మీటింగులో తలా ఒక సలహా ఇచ్చారు. సైరను పెడదామన్నారు. మైకు పెడదామన్నారు. నాకు ఒళ్ళు మండింది.

"ఏం పెట్టినా చక్రం ఆగితే మనం చెరువుకే పరిగెడతాం. తలకాయలు మారతాయేమో గానీ ఈ కాళ్ళు మారవండి. కాళ్ళు ఎక్కడికెళ్తాయో అక్కడే దాక్కునే చోటు కట్టండి!"

కోపంలో అన్న మాటే పనికొచ్చింది. చెరువుకు నీళ్ళు వదిలే పెద్ద సిమెంటు గొట్టాలు తెప్పించి, ప్రతి జనరేటరు పక్కనా గట్టు మట్టిలో పూడ్చాం. రేకుల షెడ్లు పీకేశాం. గొట్టానికి ఒక చివర గోడ కట్టించింది కాత్యాయని. రెండు వైపులా తెరిచి ఉంటే గాలి అందులోంచి ఇంకా జోరుగా దూసుకుపోతుందట. చక్రం ఆగితే పరిగెత్తు, గొట్టంలో దూరు, బోర్లా పడుకుని రెండు చేతులూ తల మీద పెట్టుకో. ఇంట్లో ఉన్నవాళ్ళు మధ్య గదిలో పరుపు కప్పుకుని కూర్చోవాలి. మా ఇంట్లో కిటికీ లేనిది సామాన్ల గది ఒక్కటే. మా ఆవిడ అనసూయ అందులోంచి ఊరగాయ జాడీలు తీయడానికి ఒప్పుకునేసరికి పదిహేను రోజులు పట్టింది. మేడెక్కి ఫోనుల్లో వీడియోలు తీసే వాళ్ళను కాత్యాయని పేరు పేరునా తిట్టింది.

ఈ అక్టోబరులో తుఫాను ఎక్కడో సముద్రంలో ఉంది. మా మీద మూడు రోజులుగా మబ్బు. ఎండ లేక నీళ్ళలో గాలి తగ్గిపోయింది. చక్రాలు రాత్రింబగళ్ళు తిరుగుతున్నాయి. నా చెరువు మరో వారంలో పట్టుబడికి, అంటే రొయ్యలు తీయడానికి, సిద్ధం. సాయంత్రం నాలుగింటికి నేను గట్టు మీద ఉండగా చక్రాలు ఆగిపోయాయి.

నా కాళ్ళు జనరేటరు దగ్గరికే వెళ్ళాయి. చెప్పాగా. గొట్టం మూతి దగ్గర నిలబడి ఫోను చెవికి పెట్టుకున్నాను.

"ఉందన్నయ్యా," అంది కాత్యాయని. "పెద్దది. ఇంత పెద్దది నేనెప్పుడూ వినలేదు. నైరుతిలో. ఇరవై నిమిషాల్లో దిగుద్ది. అందర్నీ లోపలికి పొమ్మని చెప్పేశాను. అది ఎటెళ్తుందో తేలేదాకా చక్రాలు వెయ్యొద్దు."

"వినిపించవే," అన్నాను.

ఫోనులోంచి వచ్చింది ఆ మూలుగు. ఈసారి రుబ్బురోలు కాదు. నేల కింద ఇంకొక నేల దొర్లుతున్నట్టుంది. ఇరవై నిమిషాలు నైరుతి కేసే చూస్తూ నిలబడ్డాను. అప్పుడు మబ్బు అడుగు కిందికి కుంగింది. కుంగి, తిరుగుతూ, సన్నగా సాగి, తొందరేమీ లేనట్టు కిందికి దిగింది. అవతల రేవులంక చెరువుల దగ్గర నేలను ముట్టగానే ఒక చెరువు నీళ్ళు నిలువునా లేచి నిలబడ్డాయి. ఆకుపచ్చటి నీటి స్తంభం, లోపల ఏవో మెరుస్తున్నాయి. అవి రొయ్యలని కాసేపటికి గాని అర్థం కాలేదు. వెనక నుంచి వస్తున్న కొద్దిపాటి వెలుగులో అవి వేలూ లక్షలూ గిరగిరా తిరుగుతూ పైకి వెళ్తున్నాయి. భయం వేయలేదని చెప్పను. కానీ చూపు తిప్పుకోలేకపోయాను. ఎవరిమీదా కోపం లేని అంత బలాన్ని నేనెక్కడా చూడలేదు.

"నోరు తెరిచి చూస్తున్నావా? గొట్టంలోకి దూరు!" అని కేకేసింది చెల్లెలు.

తల ఒక్కటే బయట ఉంచి దూరాను. పది నిమిషాలు గడిచాయి. పదిహేను. ఉత్తరం వైపు ఒక జనరేటరు మొదలైంది. తర్వాత ఇంకొకటి. పాపం, వాళ్ళను తప్పుపట్టలేను. తొండం తమ వైపు రావడం లేదని తెలిశాక ఎవరి రొయ్యను వాళ్ళు బతికించుకుంటారు. కానీ ఒక్కో చక్రం తిరిగే కొద్దీ కాత్యాయనికి ఒక్కో చెరువు చెవిటిదైపోతోంది.

"అన్నయ్యా," అంది మెల్లగా. "నీ చెరువు ఒక్కటే వింటోందిప్పుడు."

నేను చెరువు కేసి చూశాను. మూలల్లో నీళ్ళు చిట్లుతున్నాయి. మీసాలు పైకి వచ్చాయి. రొయ్య తేలుతోంది. జనరేటరు మీట నా చేతికి జానెడు దూరంలో ఉంది. నాలుగు నెలల పంట అది. అనసూయా నేనూ వంతులేసుకుని కాపలా కాసిన పంట.

"ఇంకెంతసేపే?"

"తెలీదు. అది వంపు తిరుగుతోంది. రేణువులు తూర్పుకి ఒరుగుతున్నాయి. రోడ్డు వైపు పోతోందన్నయ్యా!"

రోడ్డు మా గట్టు మీంచి కనబడుతుంది. అంత పెద్ద రోడ్డు మీద ఒక్కటే బండి ఉంది. నీలం పట్టా కప్పిన మినీ వ్యాను. ఆ పట్టా నాకు తెలుసు. రాహేలమ్మ ముఠా. పని ముగించుకుని ఇరవై మంది దాకా ఆడవాళ్ళు ఇళ్ళకు వస్తున్నారు.

కాత్యాయని కూడా చూసినట్టుంది. "ఆవిడ నా ఫోనెత్తదన్నయ్యా. ఇంకో ఫోన్లోంచి చేస్తున్నాను, ఎత్తట్లేదు. నువ్వు చెయ్యి."

ఏడాదిన్నరగా నొక్కని నంబరు నొక్కాను. మూడు మోతలయ్యాక ఎత్తింది. బండి చప్పుడు వినబడుతోంది.

"రాహేలమ్మా, నేను లింగమూర్తిని. బండి ఆపించమ్మా. అందరూ దిగండి."

"డ్రైవరు వంతెన కిందకి తోలేత్తానంటన్నాడండి. అక్కడ దాక్కుంటాం."

"వద్దమ్మా! వంతెన కింద గాలి ఇంకా జోరుగా తోసుకొస్తుంది. బండిలోనూ ఉండకండి. పక్కనే ఎండిపోయిన పంటబోదె ఉంది, అందులోకి దిగి బోర్లా పడుకోండి. తలమీద చేతులెట్టుకోండి."

బండి ఇంకా పోతూనే ఉంది.

"ఆ రోజు పరిగెత్తమన్నారు," అంది రాహేలమ్మ. "ఇవాళ పడుకోమంటన్నారు."

ఆమెకు తెలుసు. మొదటి నుంచీ తెలుసు. ఏం చెప్పినా అబద్ధంలాగే ఉంటుంది. తొండం రోడ్డు పక్క కరెంటు స్తంభాలను ఒక్కొక్కటిగా పీక్కుంటూ వస్తోంది.

"మా చెల్లెలు వింటోందమ్మా. నా చెరువు వింటోంది. నిజం."

"మీ చక్రాలు ఆగే ఉన్నయ్యా?"

"ఆగే ఉన్నాయి."

"ఎంతసేపయింది?"

"అరగంట దాటింది."

"రొయ్య?"

"తేలింది," అన్నాను.

పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ చెరువుల్లో బతికిన మనిషి ఆమె. తేలిన రొయ్యను కళ్ళారా చూస్తూ మీట వెయ్యని రైతు ఉంటాడని ఎవరు చెప్పినా ఆమె నమ్మదు. కానీ ఏ రైతూ అబద్ధానికైనా అనని మాట నా నోటి నుంచే విన్నది. తర్వాత ఆమె అరిచిన అరుపుకి నా చెవి గింగురుమంది.

"ఆపరా బండి! దిగండే! అందరూ బోదెలోకి దిగండే! గిన్నెలొదిలెయ్, దిగు!"

వ్యాను ఆగింది. రంగు రంగుల చీరలు రోడ్డు పక్కకు జారిపోవడం చూశాను. ఎవరూ కనబడనంత వరకూ చూశాను. తర్వాత తొండం రోడ్డెక్కింది. నీలం పట్టా ముందు లేచింది, దాని వెనకే వ్యాను. ఆడుకునే వస్తువులా అంత ఎత్తున తిరిగి వంతెన మీద పడింది. వంతెన కిందినుంచి దుమ్మూ రాళ్ళూ బయటికి చిమ్మాయి. ఆ చప్పుడు నా దాకా రావడానికి ఎన్నో క్షణాలు పట్టింది. తొండం మా ఊరి తూర్పు పొలిమేర మీదుగా పోయి, సన్నబడి, తాడులా మెలితిరిగి తెగిపోయింది. మబ్బులో ఒక చోట తెల్లటి ఆకాశం కనబడింది.

"అన్నయ్యా, చక్రాలేసెయ్," అంది కాత్యాయని మళ్ళీ ఫోనులో. ఏడుస్తోంది. "ఇంకేమీ వినబడట్లేదు. వేసెయ్."

వేశాను. ఏం లాభం లేకపోయింది. చక్రాలు చచ్చిన రొయ్యలను తెల్లగా ఒడ్డుకు తోస్తున్నాయి. గట్టు మీద చతికిలబడ్డాను. కాత్యాయని పరుగున వచ్చి నా పక్కన కూర్చుంది. నీళ్ళ కేసి చూసి, చేతులు జోడించింది. తను దేవుణ్ణి పెద్దగా నమ్మదు. అది ఆ రొయ్యలకే అనుకుంటాను.

అరగంటకు రోడ్డు వైపు నుంచి పొలాలకు అడ్డం పడి ఆడవాళ్ళు నడిచి వచ్చారు. బురదా, గీరుకుపోయిన చేతులూ. నేను లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను. ఇరవై ఇద్దరు, డ్రైవరుతో ఇరవై మూడు. ముందు రాహేలమ్మ. ఏడాదిన్నర తర్వాత మా గట్టు ఎక్కింది.

నేను లేచి నిలబడ్డాను.

"ప్రకాశాన్ని ఆ షెడ్డులోకి పంపింది నేనేనమ్మా. నేనే అరిచాను," అన్నాను. పక్కన కాత్యాయని తల తిప్పి నన్ను చూసింది.

"తెలుసండి," అంది రాహేలమ్మ. "నేనా రోజు మా పాకలోనే ఉన్నాను. మీ కేక అక్కడికి ఇనబడింది. మీరు అరవకపోయినా ఆయన ఎల్లేవోడే. అది కాదండి. మీరు వచ్చి ఆ మాట నాతో అంటారని, పొద్దున లేస్తే గుమ్మం కేసి చూసేదాన్ని. ఏడాదిన్నర చూశాను."

ఆమె కళ్ళు తుడుచుకోలేదు. నేను తుడుచుకున్నాను.

తర్వాత ఆమె చెరువు కేసి తిరిగి, వంగి, ఒక రొయ్యను తీసి తల నొక్కి చూసింది. మేస్త్రి గొంతు వచ్చేసింది.

"ఇంకా గట్టిగానే ఉందండి. చీకటి పడేలోగా తీసేత్తే సగమన్నా దక్కుద్ది. ఐసు బండికి ఫోన్ చెయ్యండమ్మా," అని కాత్యాయనికి చెప్పింది. చెల్లెలు తడబడుతూ ఫోను తీసింది. ఏడాదిన్నరలో తను రాహేలమ్మతో పలికిన మొదటి మాట "అలాగేనండి".

ఆడవాళ్ళు చీరలు ఎగ్గట్టి ఒక్కొక్కరే నీళ్ళలోకి దిగారు. నేను గట్టు మీదే నిలబడి ఉన్నాను. పట్టుబడి రోజున రైతు నీళ్ళలోకి దిగడం మా ఊళ్ళో లేదు. ఒడ్డున కుర్చీ వేసుకుని కూర్చోవడమే అలవాటు.

రాహేలమ్మ నడుము లోతు నీళ్ళలోంచి వెనక్కి తిరిగి చూసింది.

"వరసలో మా ఆయన నిలబడే చోటు ఖాళీగా ఉందండి. రండి," అంది.

చెప్పులు విడిచి నీళ్ళలోకి దిగాను.